కడుపులో బిడ్డ కోసం పుట్టిన ఇంటిపేరు

బకింగ్‌హామ్ ప్యాలెస్ 2025 అక్టోబర్ 30న చేసిన ప్రకటనతో బ్రిటన్ రాజు చార్లెస్ తమ్ముడు ప్రిన్స్ ఆండ్రూ, బిరుదులు పోయి ఉత్త ఆండ్రూ మౌంట్‌బాటన్ విండ్సర్ అయ్యారు. ఆ రెండు పేర్ల మధ్య అడ్డగీత లేకపోవడంతో పాత తగువు మళ్లీ రాజుకుంది. 1960 నాటి ఎలిజబెత్ రాణి ప్రకటనలో ఆ గీత ఉంది మరి. ఆ తర్వాత గీత తిరిగొచ్చింది కానీ, బిరుదులు పోయినవాడికి తగిలించే పేరు ఇదన్న మాట మాత్రం నిలిచిపోయింది. అది అన్యాయం.

జర్మనీతో యుద్ధం వల్ల 1917లో జర్మన్ పేర్లు వదులుకుని రాజకుటుంబం విండ్సర్‌గా, వారి బంధువులైన బాటన్‌బర్గ్‌లు మౌంట్‌బాటన్‌లుగా మారిన కథ తెలిసిందే. అసలు ముడి పడింది 1952లో.

ఆ ఫిబ్రవరిలో ఆరో జార్జి పోయి, ఎలిజబెత్ రాణి అయ్యారు. ఇక ఏలేది మౌంట్‌బాటన్ వంశమేనని లార్డ్ మౌంట్‌బాటన్ తన ఇంట విందులో అన్నారట. మనకు చివరి వైస్రాయిగా వచ్చిన ఆయనే, రాణి భర్త ఫిలిప్‌కు మేనమామ. ఆ మాట రాణి నాయనమ్మ క్వీన్ మేరీ చెవిన పడింది. ఆమె ఊరుకోలేదు. ప్రధాని చర్చిల్, మంత్రివర్గం పట్టుబట్టడంతో పిల్లలది విండ్సర్ వంశమేనని ఏప్రిల్ 9న రాణి ప్రకటించారు. వాళ్ల వాదన ఒక్కటే: వంశం పేరు మారితే సింహాసనం చేతులు మారినట్టుంటుంది.

ఫిలిప్ వైపు నుంచి చూడండి. గ్రీస్ రాచబిడ్డ. బ్రిటిష్ పౌరసత్వం కోసం 1947లో తల్లి పుట్టింటివారి ఇంటిపేరు తీసుకున్నారు. పెళ్లయ్యాక నౌకాదళంలో ఉద్యోగం చేసుకుంటున్న మనిషి, భార్య రాణి కావడంతో అదీ వదులుకున్నారు. కన్నబిడ్డలకు తన పేరు ఇచ్చుకోలేని మగాణ్ని ఈ దేశంలో నేనొక్కణ్నేనని ఆయన వాపోయారని చెబుతారు. ఇంటిపేరుతోనే మనిషిని గుర్తుపట్టే మనకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. రాణి మూడోసారి నెలలు నిండి ఉన్నారు. పుట్టబోయే బిడ్డకు తండ్రి పేరు లేకపోతే అక్రమ సంతానమన్న ముద్ర పడుతుందని ఎడ్వర్డ్ ఐవీ అనే న్యాయవాది 1959లోనే ప్రధాని మాక్‌మిలన్‌కు రాశారు. 1960 ఫిబ్రవరి 8న రాణి తన సలహా మండలి ప్రివీ కౌన్సిల్‌లో కొత్త ప్రకటన చేశారు. వంశం విండ్సరే, యువరాజు, యువరాణి హోదాలు లేని వారసుల ఇంటిపేరు మాత్రం మౌంట్‌బాటన్-విండ్సర్.

పదకొండు రోజులకు బిడ్డ పుట్టాడు. అతనే ఆండ్రూ.

యువరాజుగా పుట్టినవాడికి ఆ ఇంటిపేరుతో పని పడలేదు. అతని అక్క ఆన్‌కూ అవసరం లేదు, అయినా 1973లో పెళ్లి రిజిస్టర్‌లో ఆ పేరే రాయించుకున్నారు. 2019లో హ్యారీ తన కొడుక్కి ఆర్చీ హ్యారిసన్ మౌంట్‌బాటన్-విండ్సర్ అని పేరు పెట్టారు. పొత్తిళ్లలోని ఆ పసివాణ్ని చూస్తూ విండ్సర్ కోటలో దిగిన ఫొటోలో, తొంభై ఏడేళ్ల ముత్తాత ఫిలిప్ నవ్వుతూ ముందుకు వంగి ఉన్నారు.