మొదటి డోసు ఎవరివ్వాలి?

రెఫరల్ చీటీతో పీహెచ్‌సీ నుంచి బయల్దేరిన గర్భిణికి దారిలో ఫిట్స్ వస్తే తప్పెవరిదన్న గొడవ మళ్లీ రాజుకుంది. ‘ఫిట్స్‌ను ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మొదటి డోసు కూడా వెయ్యకుండా మా మీదకు తోసేశారు’ అని పెద్దాసుపత్రి డాక్టర్లంటారు. ‘డాక్టరు రాయని ఇంజెక్షన్ మేమెలా వేస్తాం’ అని ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు అంటారు. మెమోలు మాత్రం ఎక్కువగా నర్సుల పేరు మీదే వస్తాయి.

గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ తెచ్చే గుర్రపువాతం సంగతి, బీపీ 140/90 దాటితే జాగ్రత్త పడాలన్న సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ గొడవకు మూలం 1995లో ఉంది.

అంతకుముందు మన దగ్గర ఫిట్స్‌కు పేరున్న వైద్యం మద్రాసు నుంచి వచ్చింది. డాక్టర్ కృష్ణ మీనన్ 1961లో ప్రచురించిన పద్ధతి అది. పెథిడిన్, క్లోర్‌ప్రొమజిన్, ప్రొమెథజిన్ కలిపి ఇచ్చి మనిషిని మత్తులో ఉంచేవారు. వెలుతురు, చప్పుడు తగలకుండా చీకటి గదిలో పడుకోబెట్టేవారు. మందుల మోతాదు పూర్తిగా డాక్టరు చేతిలో ఉండేది, నర్సుది కాపలా పని. డయజెపామ్ అనే మత్తుమందు వచ్చాకా ఆ అమరిక పెద్దగా మారలేదు.

1995లో భారత్ సహా పలు దేశాల్లో దాదాపు 1,700 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చినవాళ్లలో ఫిట్స్ తిరగబెట్టడం డయజెపామ్‌తో పోలిస్తే 52 శాతం, ఫిట్స్‌కు వాడే మరో మందు ఫెనిటాయిన్‌తో పోలిస్తే 67 శాతం తక్కువ. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా పాల్గొన్న మ్యాగ్‌పై పరీక్ష మరో మెట్టు ఎక్కింది. ఫిట్స్ రాకముందే ఇస్తే, వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది.

అందరూ మందు మారిందనే చూశారు. నిజానికి పని చేతులు మారింది. మెగ్నీషియం మోతాదు ఎక్కువైతే ముందు మోకాలి కింద తట్టినప్పుడు కాలు ఎగరడం ఆగిపోతుంది. ఊపిరి మందగించేది ఆ తర్వాతే. అంటే ప్రమాదం ముందే కబురు పంపుతుంది, మంచం పక్కనున్న నర్సుకు అది అందుతుంది. అందుకే మొదటి డోసు తర్వాత నాలుగు గంటలకోసారి వేసే ప్రతి 5 గ్రాముల డోసుకు ముందూ మూడు చూస్తారు. మోకాలి కదలిక ఉండాలి, నిమిషానికి శ్వాస 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. మూత్రం లెక్క ఎందుకంటే ఈ మందు కిడ్నీల గుండానే బయటికి పోతుంది. ట్రేలో విరుగుడు సిద్ధంగా ఉండాలి: 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు, నరంలోకి నెమ్మదిగా.

ఏఎన్‌ఎంలకు సుశిక్షిత ప్రసవ సహాయకులుగా శిక్షణ ఇచ్చేందుకు కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను 2010లో సవరించారు. అత్యవసరంలో మొదటి డోసు ఏఎన్‌ఎం వెయ్యొచ్చని అందులో స్పష్టంగా ఉంది. నరంలోకి కాదు, కండరంలోకే. 50 శాతం మందు 2 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 1 గ్రాము ఉంటుంది. ఒక్కో పిరుదుకు ఐదు ఆంపూల్స్, అంటే 5 గ్రాములు, 10 మిల్లీలీటర్లు. మొత్తం 10 గ్రాములు. ఒంట్లో వేడి పుడుతుందని ముందే ఆమెకు చెప్పాలి. తర్వాత ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆలస్యం లేకుండా పంపాలి.

‘శ్వాస ఆగితే ఎవరు బాధ్యులు’ అని కొందరు వైద్యులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ కండరంలోకి వేసిన మందు రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది. ఒక్క డోసుతో శ్వాస ఆగే ముప్పు కన్నా, ఏమీ ఇవ్వకుండా గంటన్నర ఘాట్ రోడ్డు మీద పంపితే ఉండే ముప్పు పెద్దది. పాడేరు, సీతంపేట ఏజెన్సీల్లో పనిచేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అసలు చిక్కులు వేరే ఉన్నాయి. పది ఆంపూల్స్ కావలసిన చోట నాలుగుంటాయి. 10 మిల్లీలీటర్ల సిరంజి ఉండదు, 5 మిల్లీలీటర్లదానితో నాలుగుసార్లు పొడవాల్సి వస్తుంది. పొట్టి సూదైతే మందు కొవ్వులోనే ఉండిపోయి గడ్డ కడుతుంది. మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్పులు అయిపోయి నెలలవుతుంది, కాబట్టి రోగం తీవ్రత బీపీ మిషన్ ఒక్కటే చెప్పాలి. మెగ్నీషియం వేశాక బీపీ దిగుతుందని ఎదురుచూడటం ఇంకో పొరపాటు. అది ఫిట్స్ మందు. 160/110 దాటితే బీపీ తగ్గించే లాబెటలాల్ లేదా నిఫెడిపిన్ వేరుగా కావాలి.

అన్నిటికన్నా చెరుపు చేసేది చీటీ. డోసు వేసిన టైము రాయకపోతే పెద్దాసుపత్రిలో మళ్లీ మొదటి నుంచి పూర్తి డోసు వేస్తారు, లేదా వేసే ఉంటారనుకుని ఊరుకుంటారు. మొదటిదానిలో విషం, రెండోదానిలో ఫిట్స్. ఎన్ని గ్రాములు, ఏ పిరుదుకు, ఎన్ని గంటలకు, అప్పుడు బీపీ ఎంత అన్న నాలుగు మాటలు రాస్తే ఈ తిప్పలుండవు.

2016 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌లో ప్రతి నెలా 9వ తేదీన పరీక్షలు చేసి, ముప్పున్నవాళ్ల కార్డుకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తున్నారు. గుర్తించడం బాగానే పెరిగింది. స్టిక్కర్ అంటించాక రాత్రి రెండు గంటలకు తలనొప్పి, కళ్లు మసకలు అంటూ వస్తే నర్సు ఏం చెయ్యాలన్నది మాత్రం ఆ స్టిక్కర్ చెప్పదు. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో మొదలైన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ, 2018 డిసెంబరులో కేంద్రం తెచ్చిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు నిజంగా మంచి అడుగులు. అయితే అవి ప్రధానంగా మామూలు కాన్పుల కోసం. ముప్పున్న గర్భిణి మళ్లీ ఆ రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న స్టాఫ్ నర్సు ముందుకే వస్తుంది.

అనుమతి కాగితం మీద ఉన్నా, తన సెంటర్ గోడ మీద మెడికల్ ఆఫీసర్ సంతకంతో స్టాండింగ్ ఆర్డర్ (డాక్టరు లేనప్పుడు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టిన ఆదేశం) లేనిదే ఏ నర్సూ ధైర్యం చెయ్యదు. విచారణకు వెళ్లే అధికారి ముందు ఆ సంతకం కోసం చూడాలి. తర్వాత మందుల రిజిస్టరులో ఆ రోజు మెగ్నీషియం ఆంపూల్స్ ఎన్ని ఉన్నాయో చూడాలి. డ్యూటీ నర్సు వాంగ్మూలం ఆ రెంటి తర్వాతే.