వావిలి గురించి అడిగిన మనవరాళ్ళకు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవులైన నా మనవరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు.

విజయవాడ హాస్టలు నుంచి మీరిద్దరూ ఫోనులో అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం మంచిది కాదనిపించి, నిదానంగా ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. నెలసరికి వారం ముందు నుంచే రొమ్ములు సలపడం, పొట్ట ఉబ్బరించడం, చిన్న మాటకే కన్నీళ్ళు రావడం వంటి బాధలకు మీ స్నేహితురాలు తెప్పించుకున్న విదేశీ మూలిక, మన కాలువ గట్ల మీద పెరిగే వావిలి ఒకటేనా అన్నది మీ సందేహం. ఒకటి కావు, ఒకే కుటుంబానివి.

మా చిన్నతనంలో ఆ మూడు రోజులూ దూరంగా కూర్చోబెట్టడమే తెలుసు గాని, దానికి ముందు వచ్చే వారం గురించి నోరు విప్పిన పెద్దవారు లేరు. ఆ రోజుల్లో నేను ఏడిస్తే పొగరన్నారు, పడుకుంటే బద్ధకమన్నారు. ఆ మాటలు మీరు పడకూడదు. అండం విడుదలైన తరువాత పెరిగిన ప్రొజెస్టిరాన్, దానితోపాటు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్లు, గర్భం నిలవనప్పుడు రెండూ తగ్గిపోతాయి. ఆ హెచ్చుతగ్గులకు మెదడులోని సెరటోనిన్ వంటి రసాయనాలు కొందరిలో ఎక్కువగా చలిస్తాయి. అది మీ గుణంలో ఉన్న లోపం కాదు.

ఇక వావిలి సంగతి. బాలింతలకు నీళ్ళు పోసేటప్పుడు మన ఇళ్ళలో కాచే వావిలాకు శాస్త్రీయ నామం వైటెక్స్ నెగుండో. మీ స్నేహితురాలు తెప్పించుకున్న గుళికల్లో ఉన్నది వైటెక్స్ ఆగ్నస్ కాస్టస్ అనే మధ్యధరా సముద్ర ప్రాంతపు పొద, అందులోనూ ఆకు కాదు, పండు. ఇంగ్లీషులో దాన్ని చేస్ట్‌బెర్రీ అంటారు. 2001లో జర్మనీలో 170 మంది స్త్రీల మీద మూడు నెలసరుల పాటు దాన్ని పరీక్షించి చూస్తే, మందు తీసుకున్నవారిలో నూటికి 52 మందికి బాధలు సగానికి సగం తగ్గాయి. మందు లేని ఉత్త బిళ్ళ మింగినవారిలోనూ 24 మందికి అంత మేలు కనిపించింది. ఈ రెండో అంకెను మీరు మరువవద్దు, ఎందుకంటే ఎవరైనా తమకు ఫలానా పొడి పనిచేసిందని చెప్పినప్పుడు అది పొడి గుణమో, నమ్మకం ఇచ్చిన ఊరటో ఆ ఒక్కరి మాటను బట్టి తేల్చలేము. ఆ పండు ప్రొలాక్టిన్ అనే హార్మోను మీద పనిచేస్తుంది కనుక గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, మానసిక వ్యాధులకు మందులు తీసుకునేవారు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు. దానికి బదులుగా మన వావిలాకు కషాయం తాగుదామన్న ఆలోచన అసలే వద్దు. వావిలాకు నీళ్ళతో స్నానం చేస్తే ఒళ్ళునొప్పులకు హాయిగా ఉంటుంది, నేను దానికే వాడతాను.

శొంఠి గురించి కొంత ధైర్యంగా చెప్పగలను. నెలసరి మొదటి మూడు నాలుగు రోజుల్లో రోజుకు 750 నుంచి 2000 మిల్లీగ్రాముల శొంఠి పొడి తీసుకున్నవారికి కడుపునొప్పి తగ్గిందని కొన్ని చిన్న పరీక్షలు చూపాయి. అర చెంచా పొడి సుమారు ఒక గ్రాము. దాన్ని నీళ్ళలో మరిగించి, బెల్లం ముక్క వేసుకుని, తిన్న తరువాత తాగండి. పరగడుపున తాగితే కొందరికి గుండెల్లో మంట వస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు అడిగి తాగాలి. కోపానికి, దిగులుకు మాత్రం శొంఠిని నమ్ముకోవద్దు.

పెద్దమనిషి అయినప్పుడు మీకు పెట్టిన చిమ్మిలి గుర్తుందా? పొట్టు తీయని నువ్వుల్లో సున్నపు పోషకం, అంటే కాల్షియం, దండిగా ఉంటుంది. 1998లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం బిళ్ళలు తీసుకున్నవారికి ఈ బాధలు 48 శాతం, ఉత్త బిళ్ళ తీసుకున్నవారికి 30 శాతం తగ్గాయి. ఒక చిమ్మిలి ఉండతో అంత కాల్షియం రాదు; పాలు, పెరుగు, రాగి సంకటి కూడా ఉండాలి. ఆ వారంలో ఆవకాయ, అప్పడాలు, కాఫీ తగ్గించి చూడండి.

అశోకారిష్టం గురించి ఒక హెచ్చరిక. నా ముప్పైవ ఏట పొరుగావిడ మాట విని సీసా తరువాత సీసా తాగాను, నా చిరాకు వీసమెత్తు తగ్గలేదు. అది అశోక చెట్టు చెక్కతో చేసి, సంప్రదాయంగా అధిక రక్తస్రావానికి ఇచ్చే ఆయుర్వేద మందు, పైగా పులియబెట్టింది కనుక అందులో సహజంగానే కొంత మద్యసారం ఉంటుంది. మీ కాలేజీ గోడ వెంట నిటారుగా ఉండి, మనమంతా అశోక చెట్లు అనే చెట్లు నిజానికి నరమామిడి; అసలు అశోక చెక్కలో ఈ నరమామిడి చెక్కను కలిపి అమ్మడం ఉన్నదే. అందుకని మూలికల దుకాణంలో పేరు చెప్పని చూర్ణాలు కొనవద్దు. ఆయుర్వేద వైద్యం కావాలంటే విజయవాడలోనే నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉన్నది, చదువుకున్న వైద్యులకు చూపించుకోండి.

ఏ మూలిక కంటే ముందు ఒక గళ్ళ కాగితం తీసుకోండి. మూడు నెలసరుల పాటు ప్రతి రాత్రీ ఆనాటి బాధను రెండు మాటల్లో వ్రాయండి. నెలసరికి ముందు అయిదు రోజుల్లో బాధ కనిపించి, మొదలైన నాలుగు రోజులలోపు పోతుంటే అది మనం అనుకున్న నెలసరి ముందటి బాధే. నెలంతా నీరసంగా ఉంటే రక్తహీనతో, థైరాయిడో కావచ్చు, పరీక్ష చేయించాలి. తరగతికి వెళ్ళలేనంత దిగులు కమ్మినా, బతకడం ఎందుకన్న తలపు ఒక్కసారి వచ్చినా, కషాయం పొయ్యి మీద పెట్టకండి. వెంటనే నాకో, మీ అమ్మకో చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేస్తే, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయ కేంద్రం వారు తెలుగులోనే మాట్లాడతారు. అటువంటి తీవ్రమైన స్థితికి డాక్టర్లు ఇచ్చే మంచి మందులు ఉన్నాయి.

శొంఠి పొడి చిన్న డబ్బాలో పోసి, అర చెంచా కొలత కూడా అందులోనే వేసి ఆదివారం మీ మామయ్యతో పంపుతున్నాను. దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ గళ్ళ కాగితాలు తెచ్చి నాకు చూపించండి, వావిలాకు నీళ్ళు కాచి ఉంచుతాను.

మీ అమ్మమ్మ