గొంతులో లేజర్, గొట్టంలో ఆక్సిజన్

కర్నూలు ఎండలో భూతద్దం పట్టి, వెలుగును ఒక్క చుక్కగా చేసి వేరుశనగ పొట్టు మీద నిలిపితే కాసేపటికి పొగ లేస్తుంది. ఆపరేషన్ థియేటర్లో లేజర్ చేసేదీ ఇంచుమించు అదే పని, కాకపోతే రెప్పపాటులో. గొంతు ఆపరేషన్లలో వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. ఆ కిరణం కంటికి కనబడదు. ఎక్కడ పడుతోందో చూపడానికి వెంట ఒక ఎర్రచుక్క నడుస్తుంది.

స్వరపేటిక మీది కంతి తీసేటప్పుడు భయమంతా పక్కనే, ఊపిరి అందించడానికి గొంతులోకి దించిన శ్వాసగొట్టంతోనే. మామూలు గొట్టం పీవీసీ ప్లాస్టిక్, లోపల పారేది ఆక్సిజన్. కిరణం తగిలి దానికి చిల్లు పడితే, కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో ఊదినట్టు మంట ఊపిరితిత్తుల వైపు లేస్తుంది. అందుకే లేజర్‌ను తట్టుకునే ప్రత్యేక గొట్టం వేయాలి. అది వేసినా ఆక్సిజన్‌ను, రోగి తట్టుకున్నంతలో, 30 శాతం లోపు ఉంచాలి. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు అసలు కలపకూడదు, అదీ మంటను పెంచేదే. మీట తిప్పగానే గొంతులో ఆక్సిజన్ తగ్గిపోదు, కొన్ని నిమిషాలు పడుతుంది. మత్తు డాక్టరు "తగ్గింది" అని నోటితో చెప్పేదాకా సర్జన్ లేజర్ పెడల్ తొక్కకూడదు. నా దృష్టిలో అన్ని జాగ్రత్తల్లోకీ ఇదే పెద్దది.

గొట్టం చుట్టూ సందు మూసే చివరి బుడగలో గాలి బదులు సెలైన్ నింపి, కొంచెం మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలుపుతారు. బుడగ పగిలితే గొంతులో నీలం నీళ్లు కనబడతాయి, సర్జన్ చెయ్యి అక్కడే ఆగుతుంది. చుట్టూ పెట్టిన తడి గాజుగుడ్డను మాటిమాటికీ తడపాలి. ఆరిపోయిన గుడ్డ కాపాడకపోగా తనే అంటుకుంటుంది.

చర్మానికి రాసిన స్పిరిట్ మందు కనీసం 3 నిమిషాలు ఆరాలి. వెంట్రుకల్లో ఇంకితే గంట దాకా పట్టొచ్చు. మెడ కింద, బొడ్డులో నిలిచిన మడుగును తుడిచాకే గుడ్డలు కప్పాలి. రోగిని తీసుకొచ్చే ఇంటివాళ్లు తలకు నూనె, పెదాలకు వ్యాజిలిన్ రాయకుండా తీసుకురావాలి.

కాటరీ (కరెంటు వేడితో కోసే, రక్తం ఆపే పరికరం) పెడల్, లేజర్ పెడల్ పక్కపక్కన ఉంటే ఒకటనుకుని ఇంకోటి తొక్కడం జరుగుతుంది. సర్జన్ కాలి కింద లేజర్ పెడల్ ఒక్కటే ఉండాలి. పని లేనప్పుడు యంత్రం స్టాండ్‌బైలో ఉండాలి.

అన్నీ చేసినా అంటుకుంటే? గొట్టం లాగడం, వాయువులు ఆపడం, లేజర్ ఆపడం ఏకకాలంలో, ఒకరికోసం ఒకరు ఆగకుండా జరగాలి. వెంటనే గొంతులో సెలైన్ పొయ్యాలి. అందుకే 50 మిల్లీలీటర్ల సిరంజి ముందే నింపి, చేతికందేలా పెట్టుకోవాలి. మంట పూర్తిగా ఆరాక మాస్కుతో ఊపిరి అందిస్తారు. తీసిన గొట్టాన్ని వెలుతురులో పట్టుకుని అంగుళం అంగుళం చూడాలి. ముక్క తక్కువైతే అది లోపలే ఉందన్నమాట, బ్రాంకోస్కోప్ (ఊపిరి గొట్టాల లోపల చూసే పరికరం) దించి వెతకాలి.