పాత బడి, ఊరి చందా: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ బడుల పాత గదులకు మరమ్మతులు చేయించే పనిలో పడి ఇరవై ఏళ్లు దాటింది. నా సంచిలో ఉండేవి చిన్న సుత్తి, టార్చిలైటు, కొలతల టేపు, ఒక తూకపు గుండు. వాటితో గదిలో అడుగుపెట్టగానే వినబడే మొదటి ప్రశ్న "ఎంతవుతుంది సార్?". రెండోది "ఎవరిస్తారు?". ఎక్కడ కారుతోందని మాత్రం ఎవరూ అడగరు. నేను చూసిన బడుల్లో కప్పు కారి పాడైనవి ఎన్నో, లెక్కలు కారి పాడైనవీ దాదాపు అన్నే. అందుకే ఈ రెండింటి గురించీ ఒకేచోట రాస్తున్నాను.

అపోహ: ఎనభై ఏళ్ల భవనం, ఇంక కూల్చాల్సిందే.

వయసును బట్టి భవనానికి తీర్పు చెప్పకూడదు. పాతకాలపు మద్రాసు మిద్దెనే చూడండి. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలుగా సున్నంతో పేర్చేవారు. దానిపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర వేసి రోజుల తరబడి దిమ్మిసలతో కొట్టేవారు. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవారు. అడుగున్నర మందం గోడలు, ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు. మే నెలలో అలాంటి గదిలో పది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత పక్కనున్న స్లాబు గదిలోకి వెళ్లండి. నేనింకేమీ చెప్పనక్కర్లేదు.

నేను ఎక్కువగా భయపడేది పడుచు భవనాలను చూసి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు ఉండాలన్నారు. ఆ తర్వాత ఒక్కో పథకం కింద ఊరూరా స్లాబు గదులు లేచాయి. వాటిలో నిక్షేపంగా ఉన్నవీ ఉన్నాయి. హడావుడిగా పోసిన చోట మాత్రం స్లాబు అడుగున చువ్వలకు ఇరవై మిల్లీమీటర్ల కాంక్రీటు రక్షణ ఉండాల్సింది, ఐదారు కూడా ఉండదు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి మిగతా పని పూర్తిచేస్తుంది.

పరీక్ష మొదలయ్యేది సుత్తితోనే. బల్ల మీద నిలబడి స్లాబును అడుగడుగునా తట్టుకుంటూ పోవాలి. గట్టి కాంక్రీటు ఠంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట పగిలిన కుండను తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. ఒకసారి నాలుగో తరగతి గదిలో ఇలా తడుతుంటే, గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి "సార్, అక్కడ కాదు, ఫ్యాను పక్కన కొట్టండి, రోజూ అక్కడే ఇసుక రాలుతుంది" అంది. కొట్టాను. అరచేయంత పెచ్చు ఊడి కిందపడింది. అప్పటినుంచి ఏ బడికి వెళ్లినా ముందు పిల్లలను అడుగుతున్నాను. రోజంతా ఆ కప్పు కింద కూర్చునేది వాళ్లే కదా.

కూల్చాల్సిన భవనాలూ ఉంటాయి. తూకపు గుండు వేలాడదీస్తే గోడ ఒరిగినట్టు తెలియడం, గోడలో దూరిన దూలపు కొసలను చెదలు తినేయడం, పునాది కుంగి మెట్లు మెట్లుగా పగుళ్లు పాకడం, స్లాబు మధ్యలో దిగబడటం. ఇవి కనబడితే మరమ్మతు మాట తర్వాత, ముందు పిల్లలను బయటకు పంపాలి. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి పెళ్లలు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని అప్పట్లో వార్తలు వచ్చాయి. గదికి తాళం వేయడానికి ఏ నిధులూ మంజూరు కానక్కర్లేదు.

అపోహ: పెచ్చులూడిన చోట సిమెంటు కొట్టి రంగు వేస్తే సరిపోతుంది.

నా వృత్తిలో అత్యంత ఖరీదైన పొరపాటు ఇదే. ఇనుము తుప్పు పడితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. తుప్పును లోపలే వదిలేసి పైన సిమెంటు మెత్తితే రెండు వానాకాలాలు ఆగుతుందేమో. ఆ తర్వాత పాత పెచ్చుతోపాటు కొత్తదీ కలిసి, రెట్టింపు బరువుతో పడుతుంది. వదులైనదంతా చెక్కేయాలి. చువ్వ వెనక వేలు దూరేదాకా కాంక్రీటు తీసి, తీగ బ్రష్షుతో మెరిసేలా రుద్ది, తుప్పు నివారణ పూత వేయాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్తది కట్టాలి. ఆ తర్వాతే పాలిమర్ కలిపిన మసాలాతో పూడ్చడం. ఇదంతా స్లాబు ఇంకా బలంగా ఉందని స్ట్రక్చరల్ ఇంజినీరు తేల్చాకే సుమా.

సున్నపు గోడల సంగతి వేరు. వాటికి సిమెంటు పూత శత్రువు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కి, సున్నపు పూతగుండా మెల్లగా ఆరిపోతుంటుంది. దాని మీద సిమెంటు వేసి, ఆపైన నూనె రంగు కొడితే చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది మరింత పైకి ఎగబాకుతుంది. ఉప్పు తేలుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. "పోయినేడే ప్లాస్టరింగ్ చేయించాం సార్, మళ్లీ ఊడింది" అంటారు. చేయించారు కాబట్టే ఊడింది.

అపోహ: కప్పు కారుతోందంటే పైన కొత్త పూత పడాల్సిందే.

ముందు నిచ్చెన తెప్పించండి. ఒక ఉన్నత పాఠశాలలో ఆరు గదులు కారుతున్నాయని, కప్పు మొత్తానికీ కెమికల్ పూత వేయించాలని లక్షా ఎనభై వేలకు అంచనా రాసి పెట్టుకున్నారు. పైకెక్కి చూస్తే మిద్దె చెరువులా ఉంది. ఒక తూములో టెన్నిస్ బంతి, రెండో తూములో వేపాకు కుళ్లు. పిట్టగోడ మూలలో జానెడు రావి మొక్క. తూములు తీయించి, మొక్కను వేరుతో సహా పీకించి, ఆ మూల పూడ్పించాం. వచ్చే వానకు కారినవి రెండు గదులే. ఆ రెండింటికి మాత్రం వాలు సరిచేసి పూత వేశాం. అంచనా రాసిన పెద్దమనిషి నాతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు.

అపోహ: ప్రభుత్వమే అంతా ఇస్తుంది. లేదా, ప్రభుత్వం ఏమీ ఇవ్వదు.

ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే మనిషి నోట రెండూ వింటాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్‌లో మొదలైన 'మన బడి నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడులు తీసుకున్నారు. పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన 'మన ఊరు - మన బడి' లక్ష్యం మూడు విడతల్లో 26,065 బడులు. 2024 నుంచి అక్కడ మహిళా సంఘాల నాయకత్వంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు చిన్న పనులు చూస్తున్నాయి. కాబట్టి డబ్బు వస్తుంది. అయితే పథకం వచ్చినప్పుడు వస్తుంది, పథకం గీసిన పరిధిలోనే వస్తుంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఏటా వచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వేలల్లో ఉంటుంది. పెద్ద బడికైనా లక్షకు మించదు. సుద్దముక్కల నుంచి కరెంటు బల్బుల దాకా అందులోంచే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే. ఆ కాగితం సిద్ధంగా ఉన్న బడికి పథకం వచ్చినప్పుడు పని సులువు. దాతల దగ్గరికి వెళ్లినా చూపించాల్సింది దాన్నే. నేను అడిగిన చోట ఎక్కువసార్లు బీరువా తాళం దొరకలేదు.

అపోహ: మా ఊళ్లో ఎవరూ ఇవ్వరు. ఉన్నవాళ్ల పిల్లలంతా ప్రైవేటు బడి బస్సెక్కుతున్నారు.

ఒక ఊరి సభ గురించి చెప్పాలి. బడి ఆవరణలో చింతచెట్టు కింద కుర్చీలు వేశారు. ప్రధానోపాధ్యాయుడు మైకులో మాట్లాడుతూ, ముందు గేటుకు ఆర్చి కట్టాలని, రంగురంగుల బొమ్మ గీయించిన కాగితం చూపించారు. నలభై మంది దాకా వచ్చారు. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "అయ్యా, ప్రహరీ గోడకని ఆరేళ్ల కిందట ఇంటికి ఐదొందలు ఇచ్చాం. గోడ సగమే లేచింది. ఆ లెక్క చెప్పండి, తర్వాత ఆర్చి సంగతి చూద్దాం" అన్నారు. సభ అక్కడితో ముగిసింది.

ఆ ఊరిని పిసినారి ఊరని అంతకుముందే నాతో ఎవరో అన్నారు. పది రోజులు తిరిగి పాత కాగితాలు వెతికాం. డబ్బు ఎవరూ తినలేదు. ఇటుక ధర పెరిగి మధ్యలో ఆగిపోయింది, అంతే. ఆ సంగతి ఎవరూ ఊరికి చెప్పలేదు. దొరికిన బిల్లులన్నీ వరుసగా రాసి, దొరకని నాలుగు వేలకు 'బిల్లు లేదు' అని కూడా రాసి, బడి గోడ మీదే పెద్ద అక్షరాలతో పెయింటు వేయించాం. ఆ నాలుగు వేలూ దాచొద్దన్నది నా పట్టు. ప్రధానోపాధ్యాయుడు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

రెండో సభలో ఆర్చి మాట ఎత్తలేదు. ఏ గదికి ఏం కావాలో ముక్కలు ముక్కలుగా చీటీలు రాసి దండెం మీద వేలాడదీశాం. మూడో గదికి ఒక టేకు దూలం. ఐదో గదికి రెండు కిటికీ రెక్కలు. పది బస్తాల సున్నం. ఒక తాపీ మేస్త్రీకి వారం కూలి. టీ కొట్టాయన కిటికీ చీటీ తెంపుకున్నాడు. ఒక పాత పదో తరగతి బ్యాచ్ వాళ్లు అక్కడికక్కడే ఫోనులో మాట్లాడుకుని దూలం తీసుకున్నారు. కూలికి వెళ్లే ఒక అవ్వ రెండు వందలిచ్చి, "రసీదు ఇవ్వు నాయనా" అని నిలబడింది. రాసిచ్చాక దాన్ని రెండు మడతలు పెట్టి బొడ్డులో దోపుకుంది. ఆ సాయంత్రానికి చీటీల్లో సగానికి పైగా తెగిపోయాయి. తీసుకున్నవాళ్లలో ప్రైవేటు బడికి పిల్లలను పంపేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చదివింది ఈ గదుల్లోనే.

అపోహ: ఒక్క ఎన్నారై దొరికితే చాలు.

దొరికితే సంతోషమే. ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. అలాంటి డబ్బు తీసుకునే సంఘానికి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా చేరాల్సింది న్యూఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే. ఊళ్లో పెట్టుకున్న పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాలోకి తెలియక వేయించుకుని ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారు. బడులకు సాయం చేయాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన విద్యాంజలి పోర్టల్ లాంటి దారులు ఉన్నాయి కాబట్టి ముందు వాటిని కనుక్కోండి. పెద్ద దాత ఒక్కరే అంతా ఇచ్చిన చోట నాకు మరో చిక్కూ కనబడింది. కిటికీ రెక్క ఊడితే ఊరు ఆయనకే ఫోను చేస్తుంది.

అపోహ: శ్రమదానంతో సగం ఖర్చు కలిసొస్తుంది.

మొక్కలు పీకడం, సున్నం వేయడం, ఆవరణ చదును చేయడం వరకు నిక్షేపంగా చేయండి. స్లాబు చెక్కడం, దూలం మార్చడం, సిమెంటు రేకులు పగలగొట్టడం మాత్రం వద్దు. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పగిలితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలను దగ్గరికి కూడా రానివ్వకండి.

అపోహ: డబ్బంతా చేతికొచ్చాక పని మొదలుపెడదాం.

బడికి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. కప్పు విప్పడానికి ఏడాదిలో ఉన్న గడువు ఆ ఏడు వారాలే. డబ్బు మేలో సమకూరితే మేస్త్రీ దొరికేసరికి జూన్ వస్తుంది, విప్పిన కప్పు మీద తొలకరి పడుతుంది. అందుకని వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. మార్చికల్లా కలప, సున్నం కొని పెట్టాలి. ఫిబ్రవరిలో అంచనా ఖరారు కావాలి. అంటే చీటీల సభ జరగాల్సింది జనవరిలో. హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లంతా సంక్రాంతికి ఊళ్లోనే ఉంటారు. భోగి నాడు పదింటికి పెట్టండి, మంటల దగ్గర నుంచి నేరుగా వస్తారు. కనుమ నాడు మాత్రం వద్దు. నేను ఒకసారి పెట్టి చూశాను, మైకు అద్దెకిచ్చినవాడు తప్ప ఎవరూ రాలేదు.