రమ్ము లేని సారెల్ స్లష్: చక్కెర లెక్క

జమైకాలో క్రిస్మస్ అంటే సారెల్ ఉండాల్సిందే. ముదురు ఎరుపు రంగులో, అల్లం, లవంగాల ఘాటుతో, నాలుక జివ్వుమనేంత పుల్లగా ఉండే ఈ పానీయం మన ఎర్ర గోంగూర మొక్కదే. తెలంగాణలో పుంటికూర అంటారు. మనం ఆకు కోసుకుంటే, వాళ్ళు పువ్వు వాడిపోయాక కాయ చుట్టూ కండ పట్టే ఎర్రటి రేకుల్ని కోసుకుంటారు. పగలు కురచయ్యాకే పూతకు వచ్చే మొక్క కావడంతో జమైకాలో రేకులు చేతికొచ్చేసరికి క్రిస్మస్ దగ్గర పడుతుంది. మన వైపూ చలికాలంలోనే కాయ కనిపిస్తుంది.

పెద్దల సారెల్‌లో సాధారణంగా రమ్ము పోస్తారు. పిల్లలూ, మద్యం ముట్టనివాళ్ళూ ఉన్న విందుకు దాన్ని మానేసి, మిగతాదంతా స్లష్ (సగం మంచు, సగం పాకంగా ఉండే పానీయం) కోసం అలాగే ఫ్రీజర్‌లో పెడితే తెల్లారేసరికి గరిటె దిగని గడ్డ తయారవుతుంది. రమ్ము మత్తు కోసమే కాదు, గడ్డకట్టడాన్ని ఆపడానికీ పనికొస్తుంది కాబట్టి, అది లేనప్పుడు ఆ పని చక్కెర చెయ్యాలి.

నీటిలో ఏదైనా కరిగితే గడ్డకట్టే ఉష్ణోగ్రత కిందికి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది కరిగిన అణువుల సంఖ్యను బట్టి ఉంటుంది: కిలో నీటికి ఒక మోల్ (అణువుల్ని లెక్కపెట్టే కొలత) కరిగితే సుమారు 1.86 డిగ్రీలు. ఒక మోల్ ఆల్కహాల్ 46 గ్రాములు తూగితే, ఒక మోల్ చక్కెర 342 గ్రాములు. అంటే గ్రాముకు గ్రాము చూస్తే ఆల్కహాల్ ఏడు రెట్లకు పైగా బలమైనది. స్టీవియా, సుక్రలోజ్ లాంటివి తీపినిస్తాయి కానీ వేసేది చిటికెడే గనుక గడ్డకట్టడాన్ని ఏమాత్రం ఆపలేవు. బజారులో అమ్మే చక్కెర తక్కువ స్లష్‌లలో గ్లిసరాల్ అనే తియ్యటి చిక్కటి ద్రవం కలిపేది ఈ లోటు పూడ్చడానికే. అది చిన్నపిల్లలకు మంచిది కాదు. గ్లిసరాల్ ఉన్న స్లష్ ఏడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వొద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2025లో సూచించింది.

చక్కెర కలిపిన నీరు ఒక్కసారిగా గడ్డకట్టదు. ముందు నీరు మాత్రమే మంచు పలుకులుగా విడిపోతుంది, మిగిలిన పాకం చిక్కబడుతుంది, చిక్కబడ్డ కొద్దీ అది గడ్డకట్టడానికి ఇంకా చల్లదనం కావాలి. మైనస్ 5 డిగ్రీల దగ్గర నూటికి 10 పాళ్ళ చక్కెర ఉన్న ద్రవంలో ముప్పాతిక మంచే. 20 పాళ్ళయితే ఇంచుమించు సగం మంచు, సగం పాకం. 30 పాళ్ళయితే మంచు మూడో వంతు కూడా ఉండదు, జావలా జారుతుంది. మనకు కావలసింది 20. పళ్ళరసాలతో చేసేటప్పుడు పండులోని చక్కెరనూ లెక్కలో పట్టాలి. గోంగూర రేకుల్లో తీపి దాదాపు లేదు కాబట్టి ఇక్కడ ఆ తలనొప్పి తక్కువ.

పదిమందికి కొలతలు ఇవి. ఎండిన రేకులు 60 గ్రాములు, దంచిన అల్లం 60 గ్రాములు, లవంగాలు 6, ఒక కమలాపండు తొక్క (లోపలి తెల్లపొర చేదు, తీసెయ్యాలి), నీళ్ళు 1.6 లీటర్లు. జమైకావాళ్ళు ఆల్‌స్పైస్ (మిరియాల్లా కనిపించే మసాలా దినుసు) గింజలూ వేస్తారు. దొరక్కపోతే అంగుళం దాల్చినచెక్క చాలు. రేకులు హైబిస్కస్ టీ పేరుతో దొరుకుతాయి, అయితే పొట్లం మీద సబ్దరిఫా (sabdariffa, ఎర్ర గోంగూర శాస్త్రీయనామం) అని ఉండాలి. ఇంటి ముందు పూసే మందారం వేరు, దానికి ఈ పులుపు రాదు.

నీళ్ళు మరిగాక పొయ్యి ఆపి, అన్నీ వేసి, మూతపెట్టి రాత్రంతా నాననివ్వాలి. రేకుల్ని గంటల తరబడి మరిగిస్తే రంగు చెడుతుంది, ఆ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు వేడికి విరిగిపోతాయి. గిన్నె స్టీలుదే వాడండి. ఈ కషాయం బాగా ఆమ్లం కాబట్టి అల్యూమినియాన్ని తింటుంది, లోహం కలిసి రంగూ నీలివైపు తిరుగుతుంది. బోరునీళ్ళ కంటే ఫిల్టరు నీళ్ళు మేలు. బోరునీటిలోని బైకార్బనేటు పులుపును కొంత చంపి ఎరుపును మందగిస్తుంది.

వడకట్టి తూచండి. 1.4 కిలోలకు తగ్గితే నీళ్ళు పోసి సరిచెయ్యండి. అందులో 350 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు పూర్తిగా కరిగించండి. మొత్తం 1,750 గ్రాములు, అందులో చక్కెర సరిగ్గా ఐదో వంతు. రుచి చూస్తే మరీ తీపిగా అనిపిస్తుంది. తగ్గించకండి. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, పైగా తర్వాత సోడా కలుస్తుంది.

గిన్నెడు ద్రవాన్ని అలాగే ఫ్రీజర్‌లో పెడితే నెమ్మదిగా గడ్డకట్టి పెద్ద పలుకులు ఏర్పడతాయి. పెద్ద పలుకుల మధ్య పాకం నిలవదు. స్ట్రాతో రెండు గుక్కలు పీల్చేసరికి ఎరుపంతా కడుపులోకి పోయి గ్లాసులో తెల్లమంచు మిగులుతుంది. అందుకే ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, జిప్ సంచుల్లో రెండు సెంటీమీటర్ల మందాన పోసి, పరిచినట్టు పడుకోబెట్టాలి. నీరు మంచయితే 9 శాతం ఉబ్బుతుంది, సంచిలో పదో వంతు ఖాళీ ఉంచండి. మైనస్ 18 దగ్గర రాత్రి గడిస్తే 70 శాతం దాకా మంచవుతుంది. అది గట్టిగానే ఉంటుంది, కానీ పలక పుటుక్కున విరుగుతుంది. వడ్డించే ముందు పావుగంట బయట ఉంచి, ముక్కలు చేసి, మిక్సీలో పల్స్ మీద ఐదేసి సెకన్లు, మూడు నాలుగు సార్లు తిప్పండి. ఆపకుండా తిప్పితే మిక్సీ జారు వేడికి మంచు కరిగిపోతుంది.

ఇక సోడా, 600 మిల్లీలీటర్లు. ఇది కలిశాక చక్కెర 15 శాతానికి దిగి తీపీ పులుపూ కుదురుతాయి. ఎక్కువ స్లష్‌లు పాడయ్యేది ఇక్కడే. 30 డిగ్రీల సోడా పోస్తే అది సున్నాకు చల్లబడే లోపే సుమారు 225 గ్రాముల మంచును కరిగిస్తుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు చల్లబడిన సోడాతో పోయేది 30 గ్రాములే. తొందరపడి మూత బిగించిన సీసాను ఫ్రీజర్‌లో పెట్టకండి, పగులుతుంది. జగ్గులో మూడో వంతు ఖాళీ ఉంచి, అంచు మీదుగా సన్నగా పొయ్యండి. మంచు పలుకుల మీద గ్యాస్ ఒక్కసారిగా బుడగలు కట్టి పొంగుతుంది.

పైన ఐస్‌క్రీమో పాలో వెయ్యాలనిపిస్తే మానుకోవడం మంచిది. ఈ పులుపుకు పాలు విరుగుతాయి, ఎరుపు మకిలిరంగుకు మారుతుంది. కమలా తొనలు, నానిన సబ్జా గింజలు బాగుంటాయి. గ్లాసుకు 35 గ్రాముల చక్కెర పడుతుందని మధుమేహం ఉన్నవాళ్ళకు ముందే చెప్పాలి.

జగ్గు మొత్తం ఒకేసారి కలపకండి. సోడా పడ్డాక చక్కెర పలచబడింది కనుక, మిగిలింది మళ్ళీ ఫ్రీజర్‌లో పెడితే మునుపటికంటే గట్టిగా బిగుసుకుంటుంది, గ్యాసూ పోతుంది. సోడా కలపని సంచులైతే వారం పది రోజులు బాగుంటాయి. ఆపైన ఫ్రీజరు తలుపు తీసినప్పుడల్లా చిన్న పలుకులు కరిగి పెద్దవాటికి అంటుకుంటాయి. అప్పుడు పల్స్ మరో రెండుసార్లు తిప్పాల్సి వస్తుంది.