వాళ్ళు మాయమైపోలేదు

చిన్నీ, బుజ్జీ,

అమెరికాలోని కొలరాడోలో పూర్వం ప్యూబ్లో జనం కట్టుకున్న ఇళ్ళు చూసి తిరిగొస్తుంటే కార్లో బుజ్జి అడిగింది: "అమ్మమ్మా, అంత మంచి ఇళ్ళు వదిలేసి వాళ్ళంతా ఎందుకు మాయమైపోయారు?" అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

అక్కడ మెసా వెర్డే అనే చోట కొండచరియ కింద మనం చూసిన క్లిఫ్ ప్యాలెస్‌లో దాదాపు 150 గదులున్నాయి. ఇసుకరాళ్ళు చెక్కి, మట్టితో పేర్చి, సందుల్లో చిన్న చిన్న రాళ్ళు దోపి కట్టారు. ఆ మట్టిలో వేళ్ళతో అదిమిన గుర్తులు ఏడు వందల ఏళ్ళు దాటినా చెరిగిపోలేదు. మా ఊళ్ళో మా అమ్మ మట్టిగోడకి పూత పూసినప్పుడు అచ్చం అలాగే వేళ్ళ చారలు పడేవి. చిన్నీ, నువ్వు ముట్టుకోబోతే రేంజర్ వద్దందని అలిగావు కదా! రోజూ వచ్చే వాళ్ళంతా తలో చెయ్యీ వేస్తే, చేతుల జిడ్డుకీ రాపిడికీ ఆ గుర్తులు మిగలవమ్మా.

నాకు బాగా నచ్చింది కివా. నేలలోకి తవ్విన గుండ్రటి గది. మనుషులు నిచ్చెన మీద దిగేదీ, పొగ బయటికి పోయేదీ కప్పులో ఉన్న ఒక్క కంతలోంచే. చల్లగాలి గోడ అడుగునున్న గొట్టంలాంటి దారిలోంచి వస్తుంది. అది నేరుగా నిప్పు మీద కొట్టకుండా అడ్డంగా ఒక రాయి నిలబెట్టారు. కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండించుకున్న దాన్ని, ఆ రాయి విలువ నాకు తెలుసు. పొయ్యి అవతల నేలలో చిన్న గుంత చూశారు కదా, దాన్ని సిపాపు అంటారు. తమ పూర్వీకులు ఈ లోకంలోకి వచ్చిన చోటుకి అది గుర్తు. కివా వాళ్ళకి పవిత్రమైన చోటు.

ఇక బుజ్జి ప్రశ్న. వాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. అంతా వాన మీదే ఆధారం. 1276 నుంచి 1299 దాకా పెద్ద కరువొచ్చింది. ఈ సంగతి చెట్లే చెప్పాయి: వాన లేని ఏడాది చెట్టు లోపలి వలయం సన్నగా ఉంటుంది. కరువుతో పాటు గొడవలూ పెరిగాయంటారు. 1300 నాటికి అందరూ దక్షిణానికి, ఇప్పటి న్యూ మెక్సికో, అరిజోనా వైపు తరలిపోయారు. ఈనాటి హోపి, జూని, అకోమా తెగల వాళ్ళు ఆ ఇళ్ళు కట్టినవాళ్ళ మనవలే. మనం శిథిలాలంటున్నాం కానీ, వాళ్ళకి అది తాతముత్తాతల ఇల్లు. పెద్దల ఆత్మలు ఇంకా అక్కడే ఉన్నాయని వాళ్ళ నమ్మకం.

వచ్చే వేసవిలో అకోమా వాళ్ళ ఊరికి తీసుకెళ్ళమని మీ నాన్నతో చెప్పాను. అక్కడ కొండ మీద ఊళ్ళో ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు. ఫొటోలకి ముందు అనుమతి తీసుకోవాలి, గుర్తుంచుకోండి. బుజ్జీ, ఇంకా ఏమైనా ప్రశ్నలుంటే రాసిపెట్టుకో, ఈసారి వాళ్ళనే అడుగుదాం.

ప్రేమతో,
అమ్మమ్మ