చనిపోతే గాని కనిపించని జబ్బు

"గాలి పీల్చండి, బిగబట్టండి." శ్రీకాకుళంలో ఓ స్కానింగ్ సెంటర్లో మా పెద్దమావ చేత ఈ పని మూడుసార్లు చేయించారు. రెండుసార్లు మధ్యలోనే దగ్గేశాడు. ఫిల్మ్‌లో ఊపిరితిత్తుల పైభాగం పురుగు కొట్టిన పంచెలా, నల్లటి చిల్లులతో ఉంది. "ఇదంతా చుట్ట పొగేటి బాబూ?" అన్నాడు మావ. "పొగ కాదు తాతా, లోపలి గోడలు పోయి ఖాళీ అయింది" అన్నాడు డాక్టరు.

మా వైపు అన్నీ ఆయాసమే. చుట్ట తాగే ముసలాయనదీ, ఆస్తమా పిల్లదీ ఒకే ఖాతా. నవ్వక్కర్లేదు, వైద్యులూ చాలాకాలం ఇలాగే తికమకపడ్డారు. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లాయెనెక్ 1819లోనే మావకున్న ఈ జబ్బును, అంటే ఊపిరితిత్తుల్లోని చిన్న గాలిగదుల గోడలు పోయే ఎంఫిసీమాను వివరించాడు. కానీ ఎలా? చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి గాలి ఊది, ఆరబెట్టి, కోసి చూసి. 1940ల చివర్లో బ్రిటన్‌లో గఫ్, వెంట్‌వర్త్ అనే పరిశోధకులు మొత్తం ఊపిరితిత్తిని పలచటి పొరలుగా కోసి కాగితాలకు అంటించారు. అదీ శవపరీక్షే. గాలిగదుల గోడలు పాడవడమే ఈ జబ్బు కాబట్టి, బతికున్న మనిషిలో అప్పట్లో దాన్ని ఊహించడమే తప్ప చూసే దారి లేదు. ఎక్స్‌రేలో బాగా ముదిరితేనే తెలిసేది. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ గాలి ఎంత అడ్డుపడుతోందో చెబుతుంది గాని గోడలు ఎక్కడ పోయాయో చెప్పదు.

1971లో ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ, అంటే ఎక్స్‌రేలతో ఒంటిని పొరలుపొరలుగా చూపే స్కాన్, మొదట చూసింది ఒక రోగి మెదడును. ఊపిరితిత్తులకు పనికొచ్చింది మాత్రం ఆయన పేరుతో వచ్చిన కొలత. నీరు 0, గాలి మైనస్ 1000. గోడలు పోయినచోట గాలే మిగులుతుంది, అంకె కిందికి జారుతుంది. 1988లో కెనడా వైద్యులు మైనస్ 910 కంటే తక్కువున్న చోట్లను కంప్యూటర్‌తో గుర్తించి, ఆపరేషన్‌లో తీసిన ఊపిరితిత్తులతో పోల్చారు. తర్వాత పలచటి స్లైసులు వచ్చాక హద్దు మైనస్ 950కి మారింది. దానికి దిగువన ఊపిరితిత్తి ఎంత శాతం ఉందన్నదే ఇప్పటి లెక్క. సగం గాలితో తీస్తే అంకెలు పెరిగి జబ్బు తక్కువగా కనిపిస్తుంది. మావను అన్నిసార్లు సతాయించింది అందుకే.

చిల్లులు ఎక్కడున్నాయన్నదీ ముఖ్యమే. పొగతాగేవాళ్లకు సాధారణంగా పైభాగంలో మొదలవుతాయి. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకు కింది భాగంలో ఎక్కువ.

మా జిల్లాలో పొగంటే అందరికీ గుర్తొచ్చేది అడ్డపొగ, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. అంగిలి క్యాన్సర్ భయంతో దాని గురించి చాలానే మాట్లాడారు. కట్టెలపొయ్యి గురించి అంత మాట్లాడలేదు. పొయ్యి పొగతో ఆయాసం వచ్చిన ఆడవాళ్ల సీటీల్లో చిల్లులు తక్కువ, గాలిగొట్టాలు ఇరుకైన గుర్తులు ఎక్కువ అని పరిశోధనల్లో తేలింది. అంటే స్కాన్‌లో చిల్లుల్లేవని చెప్పి ఇంటికి పంపేయడానికి లేదు. మావ పక్కన ఫిల్మ్ కవరు పట్టుకుని కూర్చున్న మా అత్త నలభై ఏళ్లు జీడికొమ్మలతో వంట చేసింది. మెట్లెక్కితే ఆవిడకీ ఆయాసమే. ఆవిడ చేత ఇంతవరకు ఎవరూ గొట్టంలోకి ఊదించలేదు.